జబ్బుపడిన గుర్రానికి సెలవు ఎవరిస్తారు?

శక్తిని కొలవడానికి మానవుడు ఎన్నుకొన్న తొలి ప్రమాణాలలో గుర్రం ఒకటి. ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్ 1780ల దశకంలో తన యంత్రం ఎన్ని గుర్రాల పని చేయగలదో కొనుగోలుదారులకు చెప్పవలసి వచ్చి 'అశ్వశక్తి' అనే కొలతను నిర్ణయించాడు. ఒక అశ్వశక్తి దాదాపు 746 వాట్లకు సమానమని మనం భౌతికశాస్త్రంలో చదువుకొంటాము. 1978లో శంకుస్థాపన జరిగి, 1983లో తొలి యూనిట్ పనిచేయ నారంభించి, కాలక్రమంలో ఏడు యూనిట్లతో 2600 మెగావాట్ల స్థాయికి ఎదిగిన మన రామగుండం విద్యుత్ కేంద్రాన్ని ఆ కొలతతో లెక్కిస్తే సుమారు 35 లక్షల గుర్రాల బలమవుతుంది. ఆ కేంద్రం నీడలో వెలసినదే జ్యోతినగర్. ఇన్ని లక్షల గుర్రాల బలాన్ని తీగల గుండా దేశానికి పంపే ఈ గడ్డమీద, ప్రాణమున్న ఒక్క గుర్రం జబ్బుపడితే దాని గతి ఏమిటన్న ప్రశ్నను మనలో ఎందరము ఆలోచించాము?

ఈ ప్రశ్న కొందరికి వింతగా తోచవచ్చును. జట్కాలు పోయి ఆటోలు వచ్చిన తరువాత గుర్రాల ముచ్చట ఎందుకని అడగవచ్చును. 2019 నాటి పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, తట్టువులు కలిపి సుమారు 3 లక్షల 40 వేలు మాత్రమే ఉన్నవి. 2012 లెక్కతో పోల్చిచూస్తే ఏడేళ్ళలో దాదాపు నలభై అయిదు శాతం తగ్గిపోయినవన్నమాట. ఐనా తెలంగాణ పట్టణాలలో పెళ్ళికొడుకును మోసే గుర్రం ఇంకా మిగిలే ఉన్నది. దీపాల వరుసల నడుమ, బ్యాండు మోతల నడుమ, టపాకాయల పొగలో అది నడుస్తుంది. ఆ రాత్రి దాని అలంకారాన్ని చూసినవారే గాని, తెల్లవారిన తరువాత దాని కడుపు చూసేవారు అరుదు. సంఖ్య తగ్గిన కొద్దీ జీవికి రక్షణ పెరగాలి. కాని గుర్రం విషయంలో జరిగింది వేరు. గుర్రాలు తగ్గిన కొద్దీ వాటి జబ్బులు తెలిసినవారు వాటికంటె వేగంగా తగ్గిపోయినారు. లాడాలు కొట్టే నాల్‌బందు కనబడడు. నాడి చూసే పెద్ద సాయీసు కనబడడు. పశువైద్యునికి సైతం నిత్యం చేతికి వచ్చేవి గేదెలు, ఎడ్లు, మేకలే గాని గుర్రం కాదు.

మన పూర్వులు ఈ విద్యను చిన్నచూపు చూడలేదు. శాలిహోత్రుని పేరిట సంస్కృతంలో అశ్వవైద్యం వెలసింది. బహమనీ సుల్తానుల కాలంలో ఆ విద్య దక్కనులోనే పారశీక భాషలోకి వెళ్ళింది. తెలుగులో మనుమంచిభట్టు అశ్వశాస్త్రాన్ని పద్యాలలో రచించినాడు. ఉర్దూలో సాదత్ యార్ ఖాన్ రంగీన్ పద్దెనిమిదవ శతాబ్ది చివరిలో 'ఫరస్‌నామా' వ్రాసినాడు. ఉర్దూలో గుర్రపు వైద్యుణ్ణి 'సాలోత్రీ' అంటారు. ఆ మాట శాలిహోత్రుని పేరు నుండి పుట్టినదే. ఒక ఋషి పేరు ఉర్దూ మాటగా మారి గుర్రపు సాలలలో తిరిగిందంటే, జబ్బుపడిన జీవి ముందు భాషల గోడలు నిలువలేదని అర్థం. రెండు భాషలలో వెలువడే మన సంచికకు ఇంతకంటె తగిన ఉదాహరణ మరొకటి ఉండదు.

ఐతే గ్రంథాలు ఉన్నంత మాత్రాన గుర్రాలు బ్రతకలేదు. పదమూడవ శతాబ్ది చివరిలో దక్షిణ దేశాన్ని చూసిన మార్కోపోలో ఒక విచిత్ర విషయాన్ని వ్రాసిపెట్టినాడు. కాకతీయుల మోటుపల్లిని వర్ణించిన యాత్రికుడే ఈయన. పాండ్యుల తీరానికి ఏటా వేలకొద్దీ గుర్రాలు అరబ్బు, పారశీక రేవుల నుండి ఓడలలో వస్తాయని, ఏడాది తిరిగేసరికి వాటిలో వందైనా మిగలవని ఆయన అంటాడు. కారణం కూడా చెప్పినాడు. గుర్రాలను సాకే నేర్పు అక్కడివారికి లేదు. అది తెలిసిన వైద్యులను అక్కడికి రానీయకుండా వర్తకులే జాగ్రత్తపడతారు. గుర్రాలు చచ్చినకొద్దీ వారి బేరం సాగుతుంది గదా! యాత్రికుని లెక్కలో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చును. కాని అందులోని నీతి ఏడు వందల యేండ్ల తరువాత కూడా పాతబడలేదు. జబ్బుపడిన గుర్రాన్ని చంపేది కేవలం జబ్బు కాదు. తెలియనితనం ఒకటి, దాని చావువల్ల ఎవరికీ నష్టం కలగని ఏర్పాటు మరొకటి.

తెలియనితనం ఎంత ప్రమాదమో ఒక్క కడుపుశూలను తీసుకొని చూద్దాం. గుర్రాలకు వచ్చే ఆపదలలో ఇది మిక్కిలి సాధారణమైనది, మిక్కిలి ప్రాణాంతకమైనది. గుర్రం అంత పెద్ద జంతువైనా దాని జీర్ణాశయం చిన్నది. పది పదిహేను లీటర్లకు మించి పట్టదు. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయిన చెడ్డ తిండి వెనుకకు రాదు. కాబట్టి కొంచెం కొంచెంగా గడ్డి నములుతూ దినమంతా గడపడానికి ప్రకృతి దానిని తీర్చిదిద్దింది. మనం చేసేదేమిటి? దినమంతా పస్తుంచి, నీరు చాలకుండా ఉంచి, రాత్రి విందులో మిగిలిన అన్నమూ, మిఠాయీ, పూరీలూ ప్రేమతో పెడతాము. పెట్టేవాని మనస్సులో చెడు లేదు. కాని ఆ పిండిపదార్థం గుర్రపు కడుపులో పులిసి వాయువుగా మారి పేగులను ఉబ్బిస్తుంది. గిట్టల లోపలి సున్నిత భాగం వాచి నడక పోవడానికి కూడా ఇటువంటి తిండే కారణమవుతుంది. ఆ విధంగా ప్రేమే రోగమవుతుంది.

శూల మొదలైనప్పుడు గుర్రం నోటితో చెప్పలేదు గాని ఒంటితో చెబుతుంది. మేత ముట్టదు. ముందు కాలితో నేలను గీకుతుంది. మాటిమాటికి మెడ త్రిప్పి తన డొక్కను తాను చూసుకొంటుంది. పడుకొని లేస్తుంది, పొర్లుతుంది, చెమట పోస్తుంది, పేడ వేయదు. ఈ గుర్తులు కనబడగానే చేయవలసిన పనులు కొన్ని, చేయకూడనివి కొన్ని ఉన్నవి. దాణా వెంటనే తీసివేయాలి. వైద్యునికి కబురు పెట్టాలి. అది నెమ్మదిగా నిలబడితే దాని మానాన దానిని వదలాలి. పొర్లి గాయపడేటట్లుంటే కొద్దిసేపు మెల్లగా నడిపించవచ్చును గాని అలసిపోయేదాకా త్రిప్పకూడదు. సీసాతోనో వెదురు గొట్టంతోనో నూనెలు, కషాయాలు గొంతులో పోయకూడదు. నొప్పితో కొట్టుకొనే గుర్రానికి అవి ఊపిరితిత్తులలోకి పోతే శూల తగ్గినా న్యుమోనియాతో చనిపోతుంది. గొట్టం ద్వారా మందు పంపడం వైద్యుడే చేయవలసిన పని.

వైద్యునికి కబురు చెప్పేటప్పుడు 'గుర్రం బాగాలేదు' అన్నంత మాత్రాన చాలదు. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రపు నాడి నిమిషానికి 28 నుండి 44 వరకు కొట్టుకొంటుంది. దవడ ఎముక క్రింద వేలుంచి దీనిని లెక్కించవచ్చును. నాడి 60 దాటి అక్కడే నిలిచిందంటే ప్రాణాపాయం దగ్గరపడిందని గ్రహించాలి. శరీరపు వేడి 37.5 నుండి 38.5 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండాలి. శ్వాస నిమిషానికి 8 నుండి 16 మార్లు. చిగుళ్ళు లేత గులాబి రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకండ్లలో రంగు తిరిగిరావాలి. డొక్కకు చెవి ఆనిస్తే గుడగుడ శబ్దం వినబడాలి. నిశ్శబ్దమైన కడుపు మంచి శకునం కాదు. ఇవి తెలుసుకోవడానికి పట్టభద్రుడు కానక్కరలేదు. అక్షరం రాని సాయీసు సైతం ఒక్క పూటలో నేర్చుకోగలడు. కాని నేర్పేవారు కావాలి.

ఇక గుర్రం పడిపోయి లేవలేని స్థితి వేరు. నాలుగు వందల కిలోల బరువు ఒకే ప్రక్కన గంటల తరబడి నొక్కితే క్రింది కండరాలు, ఊపిరితిత్తి దెబ్బతింటాయి. దానికి మందంగా గడ్డి పరచాలి. కొన్ని గంటలకొకమారు ప్రక్క మార్చాలి. వీలైతే ఛాతీమీద కూర్చుండేటట్లు మూటలతో ఊతమివ్వాలి. ఒరిసిన చోట్ల పుండ్లు పడకుండా చూడాలి. ఈ సేవకు నలుగురైదుగురు మనుషులు, రాత్రింబగళ్ళు కావాలి. ధనుర్వాతమైతే మరీ కష్టం. ఆ వ్యాధి మిక్కిలి తేలికగా సోకే జంతువులలో గుర్రం ముఖ్యమైనది. గిట్టలో దిగిన ఒక తుప్పు మేకు చాలును. అప్పుడు చీకటి గది, నిశ్శబ్దం అవసరం. కొన్ని రూపాయల టీకాతో ముందే తప్పించగల జబ్బును తరువాత వేల రూపాయలతోనూ తప్పించలేకపోవడం తరచు చూసే విషాదం.

ఇక్కడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. జబ్బుపడిన గుర్రానికి మొదటి మందు విశ్రాంతి. ఆ విశ్రాంతి ఖర్చు ఎవరు భరించాలి? బొగ్గుబావిలో పనిచేసే కార్మికుడు జబ్బుపడితే ఆయనకు సెలవు ఉన్నది, కంపెనీ ఆసుపత్రి ఉన్నది. ఆ హక్కులు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. పోరాడి సంపాదించుకొన్నవి. గుర్రానికి సంఘం లేదు, సమ్మె లేదు. దాని సెలవు దాని యజమానికి పస్తు. యజమాని సైతం చాలమారులు పేదవాడే. గుర్రం నిలబడితే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుచేత దగ్గుతున్న గుర్రానికీ, కుంటుతున్న గుర్రానికీ జీను వేస్తాడు. ఆయనను క్రూరుడని తిట్టడం తేలిక. కాని ఆయన స్థితిలో ఉండి వేరుగా చేయగలవారెందరు? గుర్రపు రోగాలలో సగం పేదరికపు రోగాలే. అందుకే ఈ సమస్యను యజమాని మనస్సాక్షికి వదిలివేయడం న్యాయం కాదు.

బొగ్గుకూ గుర్రానికీ ఉన్న పాత సంబంధం ఇక్కడ మనకొక పాఠం చెబుతుంది. బ్రిటన్ దేశపు గనులలో 1913 ప్రాంతాన సుమారు 70 వేల గుర్రాలు, తట్టువులు భూగర్భంలో బొగ్గు తొట్లను లాగేవి. వాటిలో అనేకం ఏళ్ళ తరబడి వెలుతురు చూసేవి కావు. 1887లో గని తనిఖీదారులకు వాటి బాగోగులను విచారించే అధికారం వచ్చింది. 1911లో వచ్చిన గనుల చట్టం ఇంకా ముందుకు పోయింది. నాలుగేండ్లు నిండని గుర్రాన్ని గనిలోకి దింపకూడదన్నది. గ్లాండర్స్ వ్యాధి లేదని పశువైద్యుడు పరీక్షించి ధ్రువపరచాలన్నది. గ్రుడ్డి గుర్రంతో పని చేయించకూడదన్నది. పదిహేను గుర్రాలకు ఒక నేర్పరియైన సంరక్షకుడు ఉండాలన్నది. లాభం కోసమే నడిచే గని యజమానులు సైతం చట్టం కట్టడి చేస్తే గుర్రపు సేవను తమ ఖర్చుగా ఒప్పుకొన్నారు. గుర్రం గ్రుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన సామెత ఎగతాళిగా అంటుంది. ఆ ఎగతాళినే ధర్మంగా మార్చుకొంటే ఎంత బాగుండును!

మనకూ చట్టాలు లేకపోలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం రోగంతోనో గాయంతోనో పనికి తగని జంతువుతో పని చేయించడాన్ని నేరమన్నది. 1965 నాటి నియమాల ప్రకారం బండి లాగే, బరువు మోసే జంతువులతో దినానికి తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు వరకు అసలే చేయించకూడదు. వేసవిలో 45 డిగ్రీలను చూసే రామగుండంలో ఈ నియమం పాటిస్తే నెలల తరబడి మధ్యాహ్నపు విశ్రాంతి తప్పనిసరి కావాలి. కాని మొదటి తప్పుకు చట్టంలో వ్రాసిన జరిమానా 10 నుండి 50 రూపాయలు మాత్రమే. ఒక పూట కిరాయికంటె తక్కువైన శిక్షకు ఎవరు భయపడతారు? మరొక ప్రక్క, ఆ 50 రూపాయలను వేయి చేసినా పేద యజమాని పొయ్యి వెలగదు. కాబట్టి శిక్షతో పాటు సాయం కూడా కావాలి. రెండింటిలో సాయమే ముందు కావాలి.

మనుషులకే సరియైన వైద్యం అందని దేశంలో గుర్రానికెందుకీ సేవ అని అడిగేవారున్నారు. వారి ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దానికి సమాధానం కూడా మనిషి వైపు నుండే చెప్పవచ్చును. పొలంలో పాము కరిచిన రైతు ఆసుపత్రికి పోతే ఎక్కించే విరుగుడు ఎక్కడిది? నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలను కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన రక్షక పదార్థాన్ని తీసి తయారు చేసినదది. మన పల్లెలలో పాముకాటు నుండి బ్రతికి బయటపడిన ఎందరి రక్తంలోనో గుర్రపు ఋణమున్నది. ఇంకొక సంగతి, గ్లాండర్స్ గుర్రం నుండి మనిషికి సోకుతుంది. ముక్కు నుండి చీము కారి, చర్మంపై కురుపులు లేచిన గుర్రాన్ని దాచి పొరుగూరి సంతలో అమ్మివేయడం ఒక్క గుర్రానికి చేసే ద్రోహం కాదు, కొన్నవాని బిడ్డలకు చేసే ద్రోహం. జోరీగల ద్వారా వ్యాపించే 'సర్రా' రోగపు క్రిమిని గ్రిఫిత్ ఎవాన్స్ 1880లో మన ఉపఖండంలోనే గుర్రాల, ఒంటెల రక్తంలో కనిపెట్టినాడు. ఆ జాతికి చెందిన క్రిములు జబ్బు కలిగిస్తాయని ప్రపంచానికి తొలుత తెలిసింది దానివల్లనే. జబ్బుపడిన గుర్రాన్ని శ్రద్ధగా చూసిన కన్ను మనుషుల వైద్యానికి సైతం వెలుగు చూపింది.

చివరిగా చెప్పుకోవలసిన కఠినమైన మాట ఒకటున్నది. అన్ని గుర్రాలూ బ్రతకవు. కాలి పెద్ద ఎముక విరిగిన గుర్రం మూడు కాళ్ళమీద నెలల తరబడి నిలువలేదు. పేగు మెలిపడి శస్త్రచికిత్స అందని గుర్రం గంటలు గడిచిన కొద్దీ నరకం అనుభవిస్తుంది. అటువంటప్పుడు 'చంపడం పాపం' అని రోడ్డు ప్రక్కన వదిలి, కాకులు కండ్లు పొడుస్తుంటే దూరంగా వెళ్ళిపోవడం పుణ్యమెట్లా అవుతుంది? బ్రతికించడం క్రూరత్వమే అయినప్పుడు వైద్యుని ధ్రువీకరణపై బాధ లేకుండా ప్రాణం తీయడానికి 1960 చట్టమే త్రోవ చూపింది. బాగుపడే అవకాశమున్న గుర్రానికి సకల సేవ, అవకాశం లేని గుర్రానికి సూదితో నెమ్మదియైన అంతం. ఈ రెండూ దయకు రెండు చేతులు. ఏది ఎప్పుడో నిర్ణయించవలసినవాడు వైద్యుడు. దగ్గరుండి తల నిమరవలసినవాడు యజమాని.

మరి మనం చేయగలిగినదేమిటి? గుర్రాన్ని పెళ్ళికి కిరాయికి పిలిచేవారు దాని ఆరోగ్యం తమకు సంబంధించినది కాదనుకోవడం మొదట మానాలి. కుంటుతున్నదా, డొక్కలు లోపలికి పోయినవా, కండ్లలో నీరు కారుతున్నదా అని చూసి, జబ్బు గుర్రాన్ని కిరాయితో సహా వెనుకకు పంపాలి. కిరాయి తీసుకొని వెనుకకు పంపితే యజమాని మళ్ళీ అదే గుర్రానికి జీను వేస్తాడు. విందులో మిగిలిన తీపికి బదులు ఒక బకెట్టు శుభ్రమైన నీరు, ఒక మోపు పచ్చగడ్డి పెట్టాలి. యజమానులు ఒక్కొక్క కిరాయి నుండి కొద్ది మొత్తం కలిపి పొదుపు చేసుకొంటే, గుర్రం పండుకొన్న దినాలలో ఆ ఇంటికి బియ్యమైనా వస్తుంది. 2017లో మన రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు మొదలైనవి. అటువంటి సేవలో గుర్రాలకు కావలసిన మందులు, కడుపులోనికి పంపే గొట్టం, ధనుర్వాతపు టీకా తప్పక ఉండాలని ప్రజాప్రతినిధులను కోరాలి.

సోదర విద్యార్థినీ విద్యార్థులారా! మన కళాశాలకు మరొకరికి లేని సౌకర్యమున్నది. గుర్రాలను సాకే కుటుంబాలలో కొందరి ఇంటి భాష ఉర్దూ, కొందరిది తెలుగు. మనకు రెండూ వచ్చును. నాడి లెక్క, వేడి లెక్క, శూల గుర్తులు, చేయకూడని పనులు, దగ్గరి పశువైద్యశాల వివరం, వీటన్నిటినీ ఒకే కాగితంపై రెండు భాషలలోనూ అచ్చువేసి, జాతీయ సేవా పథకం శిబిరాలలో ఇంటింటికీ తిరిగి చదివి వినిపించవచ్చును. చదువురాని సాయీసు చేయి పట్టుకొని గుర్రపు దవడ క్రింద వేలుంచి నాడి లెక్కించడం నేర్పవచ్చును. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక గడియారం, ఒక థర్మామీటరు, ఒక ఆదివారం చాలును. వచ్చే పెండ్లిళ్ళ కాలానికి ముందే ఈ పని మొదలు పెడదాము.